రేగడిలో డిస్క్ హారో: ఆరంగుళాల కింద గట్టిపడుతోంది, మళ్లీ గుంటకకే పోవాలా?

నంద్యాల_శనగ:

అందరికీ నమస్కారం. ఆరెకరాల లోతైన నల్లరేగడి, వర్షాధారం. ఖరీఫ్‌లో బీడు పెట్టి అక్టోబరులో శనగ విత్తే చేను. నాలుగేళ్లుగా జరుగుతున్న దుక్కి ఇదీ: మేలో డిస్క్ హారో (వరసగా గుండ్రటి ఇనుప డిస్కులున్న దుక్కి పనిముట్టు) నిలువు ఒక సాలు, అడ్డం ఒక సాలు. జూలై, ఆగస్టుల్లో కలుపు లేచినప్పుడల్లా మళ్లీ డిస్కు, ఏడాదికి మూడు తడవలు. సెప్టెంబరు ఆఖర్లో విత్తే ముందు రోటావేటర్ (గిర్రున తిరిగే కత్తులతో మట్టిని పిండి చేసేది) రెండు తడవలు. అన్నీ బాడుగ ట్రాక్టర్లే, 45 హెచ్‌పీ, 14 డిస్కులది.

ఇప్పుడు జానెడు లోపే గడ్డపార ఎగదన్నుతోంది. రెండంగుళాల వాన పడితే పల్లంలో మూడు రోజులు నీళ్లు నిలుస్తున్నాయి. శనగ మొక్కలు పీకి చూస్తే తల్లివేరు ఆరంగుళాల దగ్గర పక్కకు తిరిగి ఉంది.

అడగదలచినవి మూడు. ఇది హారో వల్లేనా? ట్రాక్టరుకు కట్టే బ్లేడ్ గుంటకకు (అడ్డంగా ఉండే బ్లేడుతో పైమట్టిని కోసేది) మారితే పోతుందా? దగ్గర్లో పాత 14 డిస్కుల హారో ఒకటి అమ్మకానికి వచ్చింది, కొనవచ్చా?

రేగడి_దుక్కి:

ముందు నీళ్ల సంగతి. నీళ్లు నిలవడాన్నీ గట్టి పొరనూ ఒకే ఖాతాలో వేయకండి. నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చినప్పుడు ఎంత నీరైనా గడగడా తాగేస్తుంది. ఒకసారి తడిసి ఉబ్బితే నెర్రెలు మూసుకుని గంటకు ఒక మిల్లీమీటరు కూడా లోపలికి పోదు. అది ఆ మట్టి గుణం, దాని కింద గట్టి పొర లేకపోయినా అంతే. కాబట్టి సెప్టెంబరు వానకు పల్లంలో మూడు రోజులు నీళ్లున్నాయంటే నేరం హారోదేనని చెప్పలేం. వేరు పక్కకు తిరగడం మాత్రం వేరే కథ. అది గట్టి పొరకే గుర్తు.

తేల్చుకోవాలంటే మూడు గుంతలు తీయండి, ఒక్కోటి అడుగున్నర లోతు. ఒకటి చేను నడుమ, ఒకటి ట్రాక్టరు ఎప్పుడూ మలుపు తిరిగే చోట, మూడోది గట్టు పక్కన నాగలి తగలని నేలలో. ఈ మూడోది లేకపోతే మిగతా రెండూ చూసి ప్రయోజనం లేదు, ఎందుకంటే రేగడి ఎండితే ఎక్కడైనా రాయిలాగే ఉంటుంది. గుంత గోడను పారతో నున్నగా చెక్కితే ఏమీ కనపడదు. కత్తి మొనతో పైనుంచి కిందికి చిన్నచిన్న ముక్కలుగా పెకలించండి. మామూలు మట్టి మూలలున్న గడ్డలుగా విడిపోతుంది. గట్టి పొర అయితే పెంకుల్లా, ఒకదానిమీద ఒకటి పేర్చిన పలకల్లా అడ్డంగా ఊడి వస్తుంది. సన్నవేళ్లు ఆ పలకల నడుమ పాకి చదునుగా అణిగి ఉంటాయి.

ఇక హారో వల్లేనా అంటే, సగం దానిది, సగం దాన్ని దింపిన వేళది. నాగలి కర్రు తనంతట తాను నేలలోకి దిగుతుంది. డిస్కుకు ఆ గుణం లేదు, బరువుతోనే దిగాలి. 14 డిస్కుల హారో నాలుగైదు క్వింటాళ్లు ఉంటుంది. ఆ బరువంతా డిస్కుల అడుగు అంచుల మీద నిలబడి దొర్లుతూ పోతుంది. పైమట్టి గుల్లవుతుంది, అంచు తాకిన చోటు అణుగుతుంది. పైగా 22 అంగుళాల డిస్కు సుఖంగా దిగేది దాని వ్యాసంలో నాలుగో వంతు, అంటే అయిదున్నర అంగుళాలు. మీ వేరు తిరిగింది ఎక్కడో మీరే రాశారు. ఏడాదికి అయిదుసార్లు చొప్పున నాలుగేళ్లు, అదే లోతులో.

చక్రాన్ని మరిచిపోకండి. వెనక టైరు ఒక్కోటి 13.6 అంగుళాల వెడల్పు, రెండూ కలిపి 27. ఈ హారో కోసే వెడల్పు అయిదడుగులు, అంటే 60 అంగుళాలు. ఒక్క సాలుకే చేలో 45 శాతం నేల టైరు కింద పడుతుంది. అడ్డం సాలు కూడా తోలితే లెక్క 70 శాతానికి చేరుతుంది. మెత్తటి నేలను మొదటిసారి తొక్కినప్పుడే అణగవలసిందాంట్లో పెద్ద భాగం అణిగిపోతుంది. డిస్కు పైన గుల్ల చేయడంతో ఆ తొక్కుడు కంటికి కనపడదు.

అయినా నా దృష్టిలో అసలు తప్పు మే దుక్కిలో లేదు, జూలై, ఆగస్టుల్లో ఉంది. మేలో నేల ఎండి ఉంటుంది, ఎండిన మట్టి అంత తేలిగ్గా అణగదు. వానల నడుమ డిస్కు దింపినప్పుడు పై రెండంగుళాలు ఆరి బూడిదరంగుకు తిరిగి ఉంటాయి, నాలుగైదు అంగుళాల దగ్గర ఇంకా జిగురే. డ్రైవరు పైన చూసి దిగుతాడు, డిస్కు కింద పనిచేస్తుంది. పదును (దుక్కికి తగిన తేమ) చూడవలసింది పాదం కింద కాదు, పనిముట్టు అడుగు ఆనే లోతులో.

పరీక్ష తేలిక. అయిదారు అంగుళాల లోతు నుంచి నిమ్మకాయంత మట్టి తీసి పిసికి, అరచేతుల మధ్య తాడులా రుద్దండి. పెన్సిలు మందం రాకముందే తునిగిపోతే దిగవచ్చు. అగ్గిపుల్లంత సన్నమయ్యేదాకా తెగకుండా సాగితే ట్రాక్టరును గట్టు మీదే ఆపండి. రెండంగుళాల వాన తరువాత రేగడి పదునుకు రావడానికి ఎండను బట్టి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది, మబ్బులుంటే ఇంకా ఎక్కువ. దిగాక కూడా పది గజాలు పోయి ఆపి, డిస్కు తిరగేసిన పెళ్లను చేత్తో తీసుకుని చూడండి. కోసిన ముఖం గరుకుగా ఉంటే సరే. సబ్బును దారంతో కోసినట్టు నున్నగా మెరుస్తుంటే ఆ మెరుపే రేపటి పొర. కింద కూడా అంతే నున్నగా పూసుకుపోయి ఉంటుంది, ఎండాక అది నీటికీ వేరుకూ తలుపు మూసినట్టే.

మార్పు ఇలా చేయండి. జూలై, ఆగస్టుల్లో డిస్కు పూర్తిగా మానేసి బ్లేడ్ గుంటక తోలండి, రెండంగుళాలు, మించితే రెండున్నర. ఆ రెండు నెలల దుక్కి ఉద్దేశం కలుపు తెగడం, పైన పొడిమట్టి దుప్పటి ఏర్పడి కింది తేమ ఆరిపోకుండా ఉండడం, అంతే. ఆ పనికి ఆరంగుళాలు తిరగేయడం అంటే దాచిన తేమను మీరే బయట ఆరబెట్టడం. శనగ బతికేది ఆ తేమ మీదే.

రోటావేటర్ కూడా ఈ పంటకు దండగ. శనగది పెద్ద గింజ, గాలి ఆడే గరుకు దుక్కి కోరుకుంటుంది. కోడిగుడ్డంత పెళ్లలు పైన ఉన్నా గింజ కింద తేమకు ఆనితే మొలుస్తుంది. పిండిలా చేసిన రేగడి ఒక వానకు ముద్దయి గాలి ఆడదు. మే పెళ్లలను చూసి భయపడవద్దు. రేగడి పెళ్ల రెండు మూడు తడవలు తడిసి ఆరితే తనంతట తానే పేలాల్లా విచ్చుకుంటుంది. మన డీజిలుతో చేయించే పనిని జూన్ వాన ఊరికే చేసి పెడుతుంది.

వర్క్‌షాప్_మూల:

పై మాటతో పేచీ లేదు. పేచీ ఒక్కచోటే: డిస్కు అడుగున ఒకే లోతులో అణగడానికి సగం కారణం సెట్టింగు. బాడుగ హారోలు కొన్ననాడు బిగించిన కోణంలోనే ముక్కు దాకా అరుగుతాయి, ఎవరూ బోల్టు కదపరు.

గ్యాంగు కోణం సంగతి. గ్యాంగు అంటే ఒకే యాక్సిల్ మీదున్న డిస్కుల వరస, ముందొకటి, వెనకొకటి. రెండు గ్యాంగులూ ట్రాక్టరు పోయే దారికి సరిగ్గా అడ్డంగా ఉంటే డిస్కులు చక్రాల్లా దొర్లుతాయి, కోయవు. కోణం పెంచేకొద్దీ కోత, లోతు, మట్టి విసురు పెరుగుతాయి. 15 నుంచి 25 డిగ్రీల మధ్య పని జరుగుతుంది. అంతకుమించి తెరిస్తే డిస్కు సరిగ్గా తిరగక మట్టిని ఈడుస్తుంది, డీజిలు తాగుతుంది, లోతు మాత్రం పెరగదు. గట్టినేలలో దిగడం లేదంటే ముందు అంచు పదును చూడాలి, తరువాత కోణం, ఆ తరువాతే బరువు. మనవాళ్లు తిరగేసి చేస్తారు, మొదటే మట్టి బస్తాలు ఎక్కిస్తారు. మొద్దు డిస్కు మీద బస్తా వేయడమంటే రోలరు తోలడమే.

టాప్ లింకు (ట్రాక్టరునూ హారోనూ పైన కలిపే కడ్డీ): హారో నేలమీద పనిచేస్తున్నప్పుడు ఫ్రేము ముందూ వెనకా సమానంగా ఉండాలి. లింకు పొట్టి చేస్తే ముందు గ్యాంగు లోతుకు పోతుంది, పొడుగు చేస్తే వెనకది. ముందు గ్యాంగు మట్టిని ఒక పక్కకు తోస్తుంది, వెనకది దాన్ని తిరిగి తెచ్చి కప్పాలి. ఇరవై గజాలు పోయి దిగి వెనక్కి తిరిగి చూడండి. ఒక అంచున కాలువ తెరిచి ఉండి, పక్కన కట్ట లేచి ఉంటే వెనక గ్యాంగు సరిపడా కోయడం లేదనో, పక్కకు జరిగి ఉందనో అర్థం. అలాగే తోలుకుంటూ పోతే నాలుగేళ్లకు చేను నడుమ గుంత పడి గట్ల దగ్గర మట్టి పేరుకుంటుంది. మీ పల్లంలో నీళ్లకు ఇదీ ఒక కారణం కావచ్చు, ఎప్పుడూ ఒకే దిక్కున మొదలుపెట్టి తోలుతున్నారేమో అడగండి.

వేగం గంటకు 5 నుంచి 7 కిలోమీటర్లు. 6 కిలోమీటర్ల మీద అయిదడుగుల హారో మలుపులన్నీ పోను గంటకు ఎకరం ముప్పాతిక దాకా కొడుతుంది, ఎకరాకు సుమారు 35 నిమిషాలు. గంట బాడుగ అయితే నిదానంగా, ఎకరం బాడుగ అయితే పరుగున తోలతారు, అది లోకరీతి. పరుగున తోలితే హారో పైపైన ఎగురుతుంది, మట్టి కట్టలు కడుతుంది. మలుపులో హారోను పూర్తిగా లేపాలి. నేలలో ఉంచి తిప్పితే యాక్సిల్ వంగుతుంది.

పాత హారో కొనుగోలు. మొదట టేపు పెట్టి డిస్కు వ్యాసం కొలవండి. 22 అంగుళాలది 18కి వచ్చి ఉంటే డిస్కులన్నీ మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో కోయండి. ముందు గ్యాంగు డిస్కులు, వెనక గ్యాంగు డిస్కులు తేడాగా అరిగి ఉంటే ఏళ్లతరబడి లెవలు లేకుండా తోలారన్నమాట. తరువాత ఒక్కో డిస్కును రెండు చేతులా పట్టి ఊపండి. డిస్కు చతురస్రపు యాక్సిల్ మీద కూర్చుంటుంది. చివరి నట్టు వదులైతే డిస్కుల మధ్య ఎడం ఉంచే స్పూళ్లకీ డిస్కులకీ సందు వచ్చి, చతురస్రపు రంధ్రం అరిగి గుండ్రమవుతుంది. అప్పుడు ఎంత బిగించినా నిలవదు, యాక్సిల్ విరుగుతుంది. అలాంటిది చవగ్గా వచ్చినా వద్దు. గ్యాంగును నేలనుంచి లేపి చేత్తో తిప్పండి, బేరింగులో కరకర వినిపిస్తే సీలు పోయి మట్టి చేరింది. స్క్రేపర్లు (డిస్కుకు అంటిన మట్టిని గీకే రేకులు) డిస్కును తాకకుండా, వేలు దూరనంత దగ్గరగా ఉండాలి. రేగడిలో స్క్రేపరు లేని హారో పావుగంటలో మట్టి డోలు అవుతుంది.

కొన్నాక మొదటి రెండు మూడు గంటలకే నట్లు మళ్లీ బిగించాలి. పని చేసిన ప్రతిరోజూ గ్రీజు పెట్టాలి. ముందు గ్యాంగుకు గాట్ల డిస్కులు పెడితే చొప్ప, పత్తికట్టె బాగా తెగుతాయి. శనగ ఒక్కటే అయితే సాదా డిస్కులు చాలు. నన్నడిగితే మీ ఆరెకరాలకు సొంత హారో అక్కర్లేదు. ఆ డబ్బులో కొంతకే గుంటక చేయించవచ్చు.

గుంటకలో చూసుకోవలసింది బ్లేడు వాలు. ముందు అంచు కాస్త కిందికి చూడాలి. మరీ నిలబెడితే మట్టిని నూకుతూ పోగులు పెడుతుంది, చదునుగా పడుకోబెడితే పైన జారిపోతుంది, కలుపు వంగి లేస్తుంది. పాత లారీ పట్టీలతో చేసిన బ్లేడు బాగా ఆగుతుంది. కానీ వెల్డింగు వేడికి అంచు మెత్తబడకుండా బోల్టులతో బిగించేటట్టు చేయించండి, తీసి సాన పట్టుకోవడం కూడా సులువు.

చల్కభూమి:

ఈ చర్చ చదివి పాలమూరు, అనంతపురం దిక్కు ఎర్రనేలోళ్లు కూడా గుంటక ఒక్కటే చాలనుకుంటే నష్టపోతరు, అందుకే రాస్తున్న. రేగడి పెళ్ల దానంతట అదే ఇరుగుతది. చల్కకు, అంటే ఎర్ర ఇసుకనేలకు, ఆ గుణం లేదు. ఎండితే గట్టిగా బిగుస్తది, నెర్రెలు రావు, ఎవరో ఒకరు పగలగొట్టాలె. కాబట్టి చల్కలో ఏడాదికి ఒక తడవ నాగలో కల్టివేటరో లోతుగా పోవాలె, తొలకరికి ముందు పడే వానల పదునులో. ఆ పదును ఒకటి రెండు రోజులే ఉంటది. రేగడిలెక్క వారం ఆగితే మళ్ల ఇనుమే.

చల్కలో హారో చేసే చెడు కింద కంటే పైన ఎక్కువ. డిస్కు మీద డిస్కు, ఆపైన రోటావేటర్ కొట్టి పిండి చేస్తే చూడ ముచ్చటగ ఉంటది. విత్తినంక ఒక్క గట్టి వాన పడి ఎండ కాస్తే ఆ పిండి సిమెంటులెక్క పొర కడతది. జొన్న, నువ్వు, సజ్జ లాంటి చిన్న గింజ మొలక దాన్ని పగలగొట్టలేక కిందనే మెలికలు తిరిగి పోతది. ఎర్రనేలల సేంద్రియ పదార్థం ముందే తక్కువ, ఉన్న కాస్త జిగురునూ తిప్పి తిప్పి గాలికి ఎండకు ఇస్తే మట్టిరేణువులను పట్టి ఉంచేది ఏమీ మిగలది. రోటావేటర్ వాడక తప్పదంటే వెనక రేకు ఎత్తి పెట్టి, బండి కొంచెం వేగంగ పోనియ్యి. రేకు దించి నిదానంగ పోతే మరింత పిండి అయితది. పొర కట్టినంక అయితే మొలక బయటికి రాకముందే, పొర సగం తడి మీద ఉండంగనే తేలికపాటి పళ్ల హారో గాని, ముళ్లకంప గాని పైపైన అడ్డంగ లాగాలె. పూర్తిగ ఎండినంక లాగితే పెచ్చులు లేచి మొలకలు విరుగుతయి.

వాలుకు అడ్డంగ తోలడం రేగడికీ చల్కకూ ఒకటే నియమం. ఆఖరి సాలు ఎటు తోలితే వాననీళ్లు అటే దారి పడతయి.

ఇంకో సంగతి ఎవరూ రాయలే. తుంగ, గరిక ఉన్న చేలో వానకాలం డిస్కు దింపకున్రి. గరిక కాడను డిస్కు ముక్కలు ముక్కలు కోస్తది, తడి నేలల ప్రతి కణుపూ ఒక మొక్క అయితది. తుంగ గడ్డలు గొలుసులెక్క ఉంటయి, వాటిని తెంపి చేనంతా చల్లి పెట్టినట్టే. రెండేండ్ల కింద మూలకు ఉన్న గరిక ఇయ్యాల చేనంతా ఉన్నదంటే హారో కారణం కావచ్చు. దానికి ఎండాకాలం కల్టివేటర్ పళ్లతో పైకి లాగి, ఏరి, ఎండల మాడనియ్యాలె.

నంద్యాల_శనగ:

అందరికీ ధన్యవాదాలు. గరిక గట్ల వెంట ఉంది, చేలో లేదు. చెప్పినట్టే మూడు గుంతలు తీసి చూశాను.

గట్టు పక్కన: పలకలు లేవు. నెర్ర పైనుంచి అడుగున్నర దాకా తిన్నగా దిగింది. చేను నడుమ: అయిదున్నర అంగుళాల నుంచి ఎనిమిది దాకా అడ్డపలకలు ఊడి వచ్చాయి, కింద మట్టి మామూలుగానే ఉంది, చేతికి చల్లగా తగిలింది. నెర్రలు ఉన్నాయి, పలకల పొరలోంచి కూడా దిగాయి, కానీ గట్టు దగ్గర కంటే సన్నం, దూరం దూరం. మలుపు తిరిగే చోట: అయిదు అంగుళాల నుంచి పది దాకా ఒకే దిమ్మ, నెర్ర పొర దగ్గరే ఆగిపోయింది.

మేలో సబ్‌సాయిలర్ (లోతుకు దిగి గట్టి పొరను పగలగొట్టే కర్రు) వేయించమంటున్నారు ఇక్కడ. ఆరెకరాలకూ వేయించాలా?

రేగడి_దుక్కి:

మీ గుంతలే సమాధానం చెబుతున్నాయి. చేను నడుమ నెర్ర పొరను దాటి దిగుతోందంటే నేల తనను తాను బాగుచేసుకుంటోంది. రేగడికి ఉన్న వరం అది, ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బడమే దాని సబ్‌సాయిలర్. వానాకాలపు డిస్కూ రోటావేటరూ మానితే రెండు మూడు ఎండాకాలాల్లో ఆ పలకలు విరిగి గడ్డలవుతాయి. అక్కడ ఇనుము దింపి డబ్బు పెట్టవద్దు. వీలైతే ఒకటి రెండెకరాల్లో ఒక ఏడు శనగ ఆపి జూన్, జూలైలో కంది వేయండి. కంది తల్లివేరు నెర్ర దారి పట్టి లోతుకు పోతుంది, కుళ్లాక అదే దారి నీళ్లకు మిగులుతుంది.

మలుపుల దగ్గర మాత్రం నెర్ర ఆగిపోయింది కాబట్టి అక్కడ పగలగొట్టాలి. అది రెండు చివరలా కలిపి ఎకరం కూడా ఉండదు. పొర పది అంగుళాల దగ్గర ముగుస్తోంది, కాబట్టి కర్రు మొన పన్నెండు అంగుళాల దగ్గర నడవాలి, అంటే పొర కింది అంచుకు రెండంగుళాల కింద. పొర నడుమ నడిస్తే గాడి పడుతుంది, పొర లేవదు. మరీ రెండడుగులకు దించితే బలమంతా మట్టిని పక్కకు నొక్కడానికే పోతుంది. సాలుకూ సాలుకూ దూరం లోతుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు, మీకు అడుగున్నర. ఇంత తక్కువ లోతుకు సబ్‌సాయిలర్ కూడా అక్కర్లేదు, చిజిల్ నాగలి (మట్టిని తిరగేయకుండా చీల్చే సన్నకర్రు నాగలి) చాలు.

సమయం మీదే ఫలితమంతా. శనగ కోశాక ఫిబ్రవరి నుంచి నేల ఎండనిచ్చి ఏప్రిల్, మే నెలల్లో దించండి. ఎండిన పొర అద్దంలా పగులుతుంది, తడి పొరను కత్తితో వెన్న కోసినట్టు కోస్తే ఇంకో రెండు నున్నటి గోడలు తయారవుతాయి. పైన పెద్ద పెద్ద గడ్డలు లేస్తాయి, చూడ్డానికి భయంగా ఉంటుంది. వాటిని చదును చేద్దామని వెంటనే డిస్కు దించితే చేసిన పనంతా అదే ట్రాక్టరు తొక్కేస్తుంది. జూన్ వానకు వదిలేయండి.

గుంటకకూ ఒక హెచ్చరిక. దాన్ని కూడా తడిలో తోలితే బ్లేడు అడుగు భాగం రెండంగుళాల దగ్గర మట్టిని అలుకుతుంది. పైగా ఏడాదికి నాలుగైదు తడవలు. తడవ తడవకూ లోతు ఓ అర అంగుళం అటూ ఇటూ మార్చండి, మొదటి తడవ లోతు, తరువాతవి పైన. ఆఖరి తడవ విత్తనం పడే లోతును దాటకూడదు, గింజ కింద కదలని తడినేల ఉండాలి.

ఫలితం చూసుకోవడానికి పది మిల్లీమీటర్ల ఇనుపచువ్వ, మొన చెక్కకుండా, మూరెడు పొడవుది పెట్టుకోండి. సెప్టెంబరులో మంచి వాన పడి నేల అడుగు లోతు తడిశాక రెండు రోజులకు చేతిబలంతో గుచ్చి ఎక్కడ ఆగిందో అంగుళాల్లో రాసుకోండి, చేనంతటా ఇరవై చోట్ల. ఎండినప్పుడు గుచ్చితే ఏ అంకె వచ్చినా లెక్కలోకి రాదు.

నంద్యాల_శనగ:

మలుపుల దగ్గర పొర మళ్లీ రాకుండా ఏం చేయాలి? ట్రాక్టరు ఎక్కడో ఒకచోట తిరగక తప్పదు కదా.

వర్క్‌షాప్_మూల:

తప్పదు. అందుకే ఆ చివర్లను ఎప్పుడూ ఆఖర్న దున్నాలి, మొదట కాదు. ముందే గుల్ల చేసిన నేల మీద ముప్పైసార్లు మలుపు తిరిగితే అది రోడ్డే. పొలంలో దిగినప్పుడు వెనక టైర్లలో గాలి తగ్గించమనండి, కంపెనీ పుస్తకంలో పొలం పనికి రాసిన అంకెకు, సాధారణంగా 12 నుంచి 14 పీఎస్ఐ ఉంటుంది. రోడ్డు మీద ట్రాలీకి ఎక్కించిన గాలితోనే పొలంలో దిగుతారు, టైరు మధ్యభాగం మాత్రమే ఆని మరింత లోతుకు నొక్కుతుంది. ట్రాలీకి కట్టిన అదనపు బరువులుంటే తీసేయించండి.

చిజిల్ వేయించేటప్పుడు షేర్ బోల్టు గమనించండి. గట్టి దిమ్మలో అది రెండు మూడుసార్లు తెగుతుంది, తెగడానికే పెట్టారు. డ్రైవరు విసుగుపుట్టి దాని బదులు గట్టి బోల్టో, ఇనుపకడ్డీ ముక్కో దూర్చితే కర్రు కాడ వంగుతుంది, లేదా లిఫ్టు చేతులు పోతాయి. అదే గ్రేడు బోల్టులు అరడజను ముందే తెచ్చి పెట్టుకోండి. ఇంకా తెగుతుంటే లోతు తగ్గించి రెండు తడవలుగా పోండి, మొదట ఎనిమిది అంగుళాలు, అదే గాడిలో తరువాత పన్నెండు.